నేల విడిచి లేచు ధూళి

గత సంవత్సరము పై తరగతుల పిల్లలకు చెర్నోబిల్ అణుప్రమాదమును గూర్చి పాఠము చెప్పిన దినమున, తల్లిదండ్రులను గూడ తరగతికి ఆహ్వానించితిమి. పాఠము ముగిసిన పిదప వెనుక బల్లపై కూర్చున్న యొక తల్లి లేచి, "పొయ్యి ఆరిపోయినాక బూడిదతో భయమేమిటండీ? ఇన్నేళ్ళయినా ఆ ఊళ్ళోకి మనుషుల్ని ఎందుకు పోనివ్వరు?" అని యడిగినది. ప్రశ్న చిన్నదే గాని సమాధానము చిన్నది కాదు. ఇంతలో గంట కొట్టిరి. నాడు మేము చెప్పగలిగినది సగము మాత్రమే. తక్కిన సగమును వార్షిక సంచికలో వ్రాయుదుమని ఆమెకు మాట యిచ్చితిమి. ఆ మాటను చెల్లించుటకే ఈ వ్యాసము.

ఈ సంగతి మనకెందుకని యెవరును అనుకొనరాదు. మనవారు తరతరములుగా స్థిరపడిన రాష్ట్రములలోనే, తమిళనాట కల్పాక్కమునందును కూడంకుళమునందును, కర్ణాటకమున కైగాయందును, మహారాష్ట్రమున తారాపురమునందును అణువిద్యుత్కేంద్రములు కలవు. మన పిల్లలలో కొందరు రేపు అట్టి చోట్ల ఉద్యోగములు చేయవచ్చును. ఎవరినైనను భయపెట్టుట మా యుద్దేశము కాదు. భయపడవలసిన చోట భయపడుటకును, అక్కరలేని చోట మానుటకును ఒక లెక్క తెలిసియుండవలెను. ఆ లెక్క ఇంగ్లీషు పుస్తకములలో మాత్రమే యున్నంతకాలము పిల్లవానికి తెలిసినను ఇంట అమ్మకు తెలియదు. కావున దానిని తెలుగున చెప్ప బూనితిమి.

మొదట జరిగినదేమో చూతము. 1986వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీ, అర్ధరాత్రి దాటి 1 గంట 23 నిమిషములకు, అప్పుడు సోవియట్ రాజ్యములో భాగమైయుండిన ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ కేంద్రపు నాలుగవ రియాక్టరు ప్రేలిపోయినది. లోపలి పదార్థము ఇంచుమించు 10 దినములు పొగగాను ధూళిగాను ఆకాశమునకు ఎగయుచునే యుండెను. చేరువనున్న ప్రిప్యత్ పట్టణమునుండి సుమారు 49,000 మందిని మరునాటి మధ్యాహ్నము బస్సులలో ఎక్కించి తరలించిరి. ఆ యేడు తరలింపబడినవారు మొత్తము మీద 1,16,000 మంది. జరిగినది లోకమునకు తెలిసిన విధము విచిత్రమైనది. 28వ తేదీ ఉదయము, వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున, స్వీడన్ దేశములోని ఫోర్స్‌మార్క్ అణుకేంద్రమున ఒక ఉద్యోగి పరీక్షాయంత్రమును దాటుచుండగా అతని బూట్లను చూచి యంత్రము మ్రోగినది. తమ కేంద్రమునందే ఏదో లోపము కలిగినదని వారు తొలుత కంగారుపడిరి. తీరా చూడగా బూట్లకు అంటినది ఉక్రెయిన్‌నుండి గాలివెంట వచ్చి నేలపై దిగిన ధూళి. బూటు అడుగున చేరిన యా మట్టియే మన పాఠమునకు మొదటి యక్షరము.

ఆ పదార్థమంతయు ఒకే జాతి కాదు. అయొడిన్-131 అను ద్రవ్యము 8 దినములలో సగమగును. మరి 8 దినములలో ఆ సగములో సగమగును. దీనినే అర్ధజీవితకాల మందురు. కొన్ని నెలలలో అది కనబడకుండ పోయినది. పోవుటకు ముందే, గడ్డిమీద పడి, గడ్డినుండి ఆవులకు, ఆవుపాలనుండి పసిపిల్లల కంఠగ్రంథులకు చేరి, తరువాతి సంవత్సరములలో వేలమందికి థైరాయిడ్ పుట్టకురుపును కలిగించినది. ఆ ప్రమాదమువలన సామాన్యప్రజలకు కలిగిన హానిలో స్పష్టముగా రుజువైనదియు పెద్దదియు ఇదియే. నాడే పాలు మాన్పించియుండినచో చాలభాగము తప్పియుండెడిది. ఈ మాట వ్రాయుచు మేము కొంచెము సేపు కలము ఆపవలసివచ్చినది.

సీజియం-137 అట్టిది కాదు. దాని అర్ధజీవితకాలము 30 సంవత్సరములు. 1986లో నేలపై బడినదానిలో నేటికిని నూటికి 40 పాళ్ళు మిగిలియే యున్నవి. స్ట్రాన్షియం-90 కూడ ఇంచుమించు అంతియే. ప్లుటోనియం-239కి 24,000 సంవత్సరములు పట్టును. మన యింటి బూడిదకును దీనికిని గల భేద మిదియే. ఇంటి బూడిద కాలి ముగిసినది. ఈ బూడిద కాలుట లేదు, కాని ముగియనులేదు. "నివురు గప్పిన నిప్పు" అను సామెత ఇచ్చట నాలుకకు వచ్చును గాని అది కొంత త్రోవ తప్పించును. ఆ నిప్పును నీళ్ళు పోసి ఆర్పవచ్చును. దీనిని ఆర్పుటకు నీళ్ళును పనికిరావు, ఇసుకయు పనికిరాదు. దానిని కదలనీయకుండుట, లేక అచ్చటినుండి ఎత్తి వేరొక చోట పెట్టుట, ఈ రెండే మనుష్యునికి సాధ్యములు.

కదలుటను గూర్చియే మనము నేర్చుకొనవలసినది. కళ్ళమున ధాన్యము తూర్పారబట్టుట చూచినవారికి ఈ శాస్త్రమున సగము వచ్చినట్లే. చేట ఎత్తి పోయగా గింజ కాళ్ళయొద్దనే పడును. తాలు కొంతదూరము పోవును. దుమ్ము కండ్లలో పడి, తరువాత ఊరిమీదికి పోవును. గాలి ఒకటే, బరువును పరిమాణమును బట్టి చేరు చోట్లు వేరు. చెర్నోబిల్‌లో జరిగినదియు నదియే. ఇంధనపు తునకలు, వానితోడి ప్లుటోనియము, బరువైనవగుటచే ఎక్కువభాగము 30 కిలోమీటర్లలోపలనే రాలినవి. వేడికి ఆవిరియైన సీజియము సన్నని కణములపై పేరుకొని ఐరోపాఖండమంతట తిరిగినది.

పడినది మరల లేచుటకు వేరొక మార్గము కలదు. రాల్ఫ్ బాగ్‌నోల్డ్ అను ఆంగ్లసైనికోద్యోగి ఈజిప్టు, లిబియా ఎడారులలో తిరిగి, గాలికి ఇసుక కదలు విధమును పరిశోధించి 1941లో గ్రంథము ప్రకటించెను. ఆయన చెప్పినదాని సారాంశ మిది. అర మిల్లీమీటరుకు మించిన రేణువులు నేలపై దొర్లునే గాని లేవవు. మిల్లీమీటరులో పదవవంతునుండి అరమిల్లీమీటరువరకు నున్నవి గంతులు వేయును. ఎగిరి, కొంచెము దూరము పోయి, పడి, పడినచోట మరికొన్నిటిని ఎగురగొట్టును. అంతకంటె సన్ననివి గాలిలో తేలి పోవును. వింత యేమనగా, మిక్కిలి సన్నని ధూళిని గాలి తానై లేపుట కష్టము. అది నేలను కరచిపట్టుకొని యుండును. గంతులువేయు ఇసుకరేణువు వచ్చి తాకినప్పుడే అది చెదరి పైకి లేచును. కావున పచ్చిక కప్పిన నేలనుండియు, తడి నేలనుండియు ధూళి లేవదు. ఎండి, గుల్లయై, బోడిగా నున్న నేలనుండి లేచును. ఇది రైతుకు తెలియనిది కాదు.

ఇందు మరియొక సంగతి కలదు. సీజియమునకు బంకమన్ను అనిన మక్కువ. బంకమన్ను రేణువు పుస్తకమువలె పొరలుపొరలుగా నుండును. సీజియము ఆ పొరల అంచులలో దూరి యచ్చటనే చిక్కుకొనును. తరువాత వానలు కురిసినను సులభముగా లోతునకు దిగదు. సంవత్సరములు గడచినను పై 5 సెంటీమీటర్లలోనే చాలభాగము నిలిచియుండును. ఇది ఒక విధముగా మేలు, ఏలయనగా బావినీటికి చేరదు. మరియొక విధముగా కీడు, ఏలయనగా గాలికి అందుచోటనే యుండును. మరియు రేణువు సన్నదైనకొలది, బరువుతో పోల్చిచూడగా దాని పైతలము ఎక్కువ. బెల్లపు అచ్చు కంటె చిదిపిన బెల్లము త్వరగా కరగుటకు కారణమును ఇదియే. అందుచే సీజియము ముతక ఇసుకకంటె మెత్తని ధూళియందు దట్టముగా నుండును. లేచునదియు ఆ మెత్తనిదే. మిల్లీమీటరులో నూరవవంతుకు లోబడినదైనచో ముక్కు వడపోతను దాటి ఊపిరితిత్తులకు చేరునదియు నదియే.

ఇక లెక్క. శాస్త్రజ్ఞులు ఒక భిన్నమును వాడుదురు. ఒక చదరపు మీటరు నేలపై ఎంత రేడియోధార్మికత యున్నదో, దానిలో ఎన్నవవంతు పైనున్న ఒక ఘనమీటరు గాలిలో కనబడునో ఆ పాలును తెలుపు సంఖ్య అది. నేల నేలగాను వాతావరణము వాతావరణముగాను ఉండుటచే అది ఒక్కచోట ఒక్కటిగా నుండదు. స్థూలముగా చెప్పినచో, ధూళి కొత్తగా పడిన దినములలో పదిలక్షల వంతు, ఒక్కొక్కచోట దానికి పదిరెట్లు. కొన్ని సంవత్సరముల పిదప వందకోట్ల వంతు. అనగా వానలు కొట్టి, గడ్డి మొలచి, బంకమన్ను పట్టుకొని, ధూళి లేచుట వేయింటికి ఒకటిగా తగ్గిపోవును. ఈ తగ్గుదల రేడియోధార్మికత తరుగుటవలన కలిగినది కాదు, నేల కుదుటపడుటవలన కలిగినది. నేలను మరల దున్నినను, త్రవ్వినను, కాల్చినను ఆ కుదురు చెడును.

ఒక ఉదాహరణము చూతము. చదరపు మీటరుకు 10 లక్షల బెకెరెల్‌ల సీజియము పడిన నేల యనుకొందము. బెకెరెల్ అనగా క్షణమున కొక పరమాణువు విచ్ఛిన్నమగుట. సోవియట్ అధికారులు 5,55,000 బెకెరెల్‌లు మించిన నేలను గట్టి నిఘాయందుంచిరి గావున మన ఉదాహరణము చాల చెడ్డ నేలయే. కొత్తలో పదిలక్షల వంతు లెక్కను గాలిలో ఘనమీటరున కొక బెకెరెల్ ఉండును. పెద్దవాడు దినమునకు సుమారు 20 ఘనమీటర్ల గాలి పీల్చును. 20 బెకెరెల్‌లు లోపలికి పోవును. మిక్కిలి చెడ్డ రూపములో నున్న సీజియమైనను, దీనివలన కలుగు మోతాదు దినమునకు ఒక మైక్రోసీవర్టు లోపే. అదే మనిషి ఆ నేలపై ఊరక నిలుచున్నచో నేలనుండి వచ్చు కిరణములు గంటకే ఒకటి రెండు మైక్రోసీవర్టులు. దినమంతయు నిలిచిన ఎంతయో పాఠకులే లెక్క వేసికొనగలరు.

కాబట్టి సీజియము విషయమున పీల్చు ధూళికంటె నేలయే పెద్ద శత్రువు. అచ్చట పండిన తిండియు, పుట్టగొడుగులును, అడవిపండ్లును, పాలును దానికి తోడు. ఈ మాట వ్రాసినచో ధూళిని గూర్చి యింత పెద్ద వ్యాసమేలయని యడుగువారు కలరు. సమాధానములు మూడు. మొదటిది, పై లెక్క ఊరక నిలుచున్నవానిది. ట్రాక్టరు వెనుక నడచువానికిని, మన్ను త్రవ్వువానికిని, అడవిమంట నార్పువానికిని గాలిలోని ధూళి అనేక రెట్లుండును. రెండవది, శుభ్రపరచిన చోటును మరల మలినము చేయునది ధూళియే. మూడవది ప్లుటోనియము. దాని కిరణములు కాగితమును గూడ దాటలేవు. చర్మముపై పడిన హానిలేదు. కాని ఊపిరితిత్తులలో నిలిచినచో, బెకెరెల్‌కు బెకెరెల్ పోల్చిచూడగా, సీజియముకంటె వందల రెట్లు మించిన హాని చేయును. ప్లుటోనియమునకు ధూళియే ముఖ్యమార్గము.

స్పెయిన్ దేశపు పాలొమారెస్ గ్రామస్థులకు ఇది తెలియవచ్చినది. 1966 జనవరి 17వ తేదీ అమెరికా బాంబువిమానమొకటి ఆకాశమున ఇంధనము నింపుకొనుచు రెండవ విమానమును ఢీకొని కూలినది. నాలుగు బాంబులలో రెండు నేల తాకి, అణువిస్ఫోటము జరుగకున్నను, సాధారణ ప్రేలుడుమందు ప్రేలి, ప్లుటోనియమును టమాటా తోటలపై వెదజల్లినవి. ఇంచుమించు 1,400 టన్నుల మన్నును మొక్కలను పీపాలకెత్తి సముద్రము దాటించి అమెరికాకు గొనిపోయిరి. తక్కినచోట్ల దున్ని అడుగుకు త్రిప్పిరి. మిగిలిన నేలను గూర్చియు, ఆ ఊరి గాలిని గూర్చియు పరీక్షలు దశాబ్దములుగా సాగినవి.

నేలనుండి ధూళి లేచి జనులపై పడిన ఉదంతములలో మాకు తెలిసినంతలో మిక్కిలి దారుణమైనది యూరల్ పర్వతప్రాంతమున కరచాయ్ అను చిన్న చెరువుది. సోవియట్ రాజ్యము బాంబులకై ప్లుటోనియము తయారుచేసిన మాయక్ కర్మాగారము దాని ప్రక్కనే కలదు. 1951నుండి ఆ కర్మాగారపు రేడియోధార్మిక ద్రవములను ఆ చెరువులోనికి వదలుచుండిరి. అంతకుముందు తేచా నదిలోనికి వదలగా దిగువ గ్రామములవారు జబ్బుపడిరి; చెరువైనచో పారదు గదా యని వారి యాలోచన. చెరువు పారదు నిజమే. ఎండును. 1967 వసంతమునకు ముందు మంచు తక్కువ పడినది, వాన లేదు, నీరు వెనుకకు తగ్గి ఒడ్డు బయటపడినది. ఒడ్డునగల బురద ఎండి పిండియైనది. ఏప్రిల్, మే నెలలలో గాలులు దానిని లేపి, 1,800 చదరపు కిలోమీటర్లకు మించిన ప్రదేశమున చల్లినవి. లేచిన మొత్తము సుమారు 600 క్యూరీలు. పదివేలకొలది జనులు ఆ ప్రదేశమున నివసించుచుండిరి. పదేండ్లకు ముందే, 1957 సెప్టెంబరు 29వ తేదీ, అదే కర్మాగారమున వ్యర్థద్రవపు తొట్టి ప్రేలి ఆ ప్రాంతము ఒకమారు మలినమైయుండెను. ఈ రెండు సంగతులును దశాబ్దములవరకు ఆ జనులకు సరిగా చెప్పినవారు లేరు. తమ పెరటిలో పడిన దుమ్ము ఎట్టిదో తెలియక తల్లులు దానిని ఎప్పటివలెనే ఊడ్చుకొనిరి. తరువాత అధికారులు చెరువులో బోలు కాంక్రీటు దిమ్మలును రాళ్ళను మన్నును వేసి పూడ్చుచు వచ్చి, 2015లో నీరు కనబడకుండ కప్పివేసిరి. ఎండిన చెరువుకంటె నిండిన చెరువును, నిండిన చెరువుకంటె పూడ్చిన చెరువును మేలని గ్రహించుటకు అర్ధశతాబ్దము పట్టినదన్నమాట.

మరల చెర్నోబిల్‌కు వత్తము. అచ్చటి పనివారు ధూళితో చేసిన పోరాటము మన గృహిణులకు వెంటనే బోధపడును. మనవారు వాకిలి ఊడ్చుటకు ముందు నీళ్ళు చల్లుదురు. కళ్ళాపి చల్లిన వాకిట దుమ్ము రేగదు. అచ్చట బాటలపై నీటిబండ్లు నిత్యము తిరిగినవి. హెలికాప్టర్లనుండి జిగురుద్రవములను నేలపై కురిపించి పొరవలె గట్టిపడనిచ్చిరి. ప్రాంతము దాటు ప్రతి బండిని కడిగిరి. 100 కిలోమీటర్ల దూరములోని కీవ్ నగరమున వీధులను మాటిమాటికి కడుగుచుండిరి. మే నెల నడుమ బడులు ముందుగా మూసి పిల్లలను దూరప్రాంతములకు పంపిరి. రియాక్టరు ప్రక్కనున్న దేవదారు అడవి కిరణములకు ఎర్రబారి చచ్చినది. దానిని పడగొట్టి గుంటలలో పూడ్చిరి. నిలిచియున్నచో ఎండి అంటుకొనునని భయము. ఆ భయము వట్టిది కాదు. 2020 ఏప్రిల్‌లో ఆ నిషిద్ధప్రాంతపు అడవులును గడ్డిబీళ్ళును వారములతరబడి కాలినవి. చెట్లు వేళ్ళతో పీల్చి ఆకులలో దాచుకొనిన సీజియము పొగలో లేచినది. కీవ్‌లో ఆ పొగ కండ్లు మండించినను, గాలిలోని సీజియము సాధారణముకంటె పెరిగినను, పరిమితికి చాల లోబడియే యుండెను. మంటల యెదుట నిలిచిన అగ్నిమాపకుల మాట వేరు.

ఎంత తెలిసినవారైనను తొందరపడుదురనుటకు ఒక నిదర్శనము చెప్పి ముందుకు పోవుదము. 2022 ఫిబ్రవరి 24వ తేదీ రష్యా సేనలు నిషిద్ధప్రాంతమున ప్రవేశించినవి. ఆ రాత్రియే అచ్చటి కిరణమాపకములలో కొన్ని అకస్మాత్తుగా పెద్ద సంఖ్యలు చూపినవి. భారీ వాహనములు నేలను రేపుటచే ధూళి లేచినదని వెంటనే అందరును అనిరి. పత్రికలు అదే వ్రాసినవి. మేమును నమ్మితిమి. ఈ వ్యాసములో చెప్పిన లెక్కను నాడు వేసియుండినచో నమ్మకపోదుము. తరువాత నిపుణులు ఆ లెక్కయే వేసి, రోడ్డువెంబడి బండ్లు లేపు ధూళి అంత పెరుగుదలను కలిగింపజాలదనియు, ఒక్కసారిగా దూరదూరపు చోట్ల సంఖ్యలు పెరుగుటకు మాపకముల సంకేతములలో కలిగిన అలజడియే కారణము కావచ్చుననియు ప్రకటించిరి. ధూళి ప్రమాదకరమే, కాని ప్రతి సంఖ్యకును ధూళియే కారణమనుట శాస్త్రము కాదు.

పాఠశాల నడుపుకొను మనకు అన్నిటికంటె దగ్గరగా తగులు కథ జపానుది. 2011 మార్చి 11వ తేదీ 9.0 పరిమాణముగల భూకంపమును, వెంటనే సముద్రపుటుప్పెనయు వచ్చి ఫుకుషిమా అణుకేంద్రమును దెబ్బతీసినవి. సీజియము వాయవ్యదిశగా పోయి మంచుతోను వానతోను నేలకు దిగినది. ఏప్రిల్‌లో జపాను బడులు కొత్త సంవత్సరమునకు తెరతురు. అచ్చటి బడుల ఆటస్థలములు మనవానివలెనే బోడి మన్నునేలలు. ఏప్రిల్ 19వ తేదీ విద్యాశాఖ ఉత్తరువు వచ్చినది. ఆటస్థలమున గంటకు 3.8 మైక్రోసీవర్టులకు లోబడినచో ఎప్పటివలెనే ఆడుకొనవచ్చును. మించినచో దినమున కొక గంటయే బయట ఉండవలెను. బయటినుండి వచ్చి చేతులు మొగము కడిగికొని పుక్కిలింపవలెను. మన్ను నోట పడనీయరాదు. బూట్ల మన్ను దులుపుకొని లోనికి రావలెను. దుమ్ముగాలి వీచినప్పుడు కిటికీలు మూయవలెను. ఈ జాగ్రత్తలన్నియు మంచివే. మన యిండ్లలో పెద్దలు కాళ్ళు కడుగుకొని లోనికి రమ్మనుటకు వేరు కారణమున్నను పని ఒకటే.

కాని తల్లిదండ్రులు 3.8 అను సంఖ్యను ఒప్పుకొనలేదు. దినమునకు 8 గంటలు బయట, 16 గంటలు ఇంటిలోపల ఉన్నట్లు లెక్కించి, ఏడాదికి 20 మిల్లీసీవర్టులు వచ్చునట్లుగా ఆ సంఖ్యను కట్టిరి. సామాన్యకాలమున ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. పసిపిల్లలకు ఇరువదిరెట్లా యని వారి ప్రశ్న. ప్రభుత్వసలహాదారుగా నున్న టోక్యో విశ్వవిద్యాలయాచార్యుడు తొషిసో కొసాకో ఆ సంఖ్యను సమ్మతింపలేక ఏప్రిల్ 29వ తేదీ కంటనీరు పెట్టుకొని పదవి వదలుకొనెను. మే 23వ తేదీ ఫుకుషిమానుండి తల్లిదండ్రులు టోక్యోకు పోయి విద్యాశాఖ వాకిట నిలిచిరి. నాలుగు దినములకు శాఖ దిగివచ్చినది. పాఠశాలలలో ఏడాదికి 1 మిల్లీసీవర్టునకు తగ్గించుటకు ప్రయత్నింతుమనియు, ఆటస్థలముల పైమన్ను తీయుటకు ధనమిత్తుమనియు ప్రకటించినది. కిరణములెక్కలో ఇద్దరిలో ఎవరిది సరియో నేటికిని వాదములు కలవు. తమ పిల్లల బడినేలను గూర్చిన లెక్కను అడిగి తెలిసికొని, వేసిచూచి, మాటాడిన తల్లులు మాత్రము మాకు మిక్కిలి గౌరవపాత్రులుగా తోచుచున్నారు.

ఇంతకుముందే, కొరియామా నగరమువారు ఎవరి ఉత్తరువుకును ఎదురుచూడక, ఏప్రిల్ చివరనే బడుల పైమన్నును గీకించుటకు మొదలిడిరి. సీజియము పైపైననే యున్నదని చెప్పితిమి గదా. కొద్ది సెంటీమీటర్లు తీయగానే కిరణములు బాగుగ తగ్గినవి. పిమ్మట వచ్చినది అసలు చిక్కు. గీకిన మన్ను ఎచ్చట పెట్టుట? చెత్త పూడ్చు స్థలమునకు పంపబోగా చుట్టుపట్లవారు అడ్డుపడిరి. గత్యంతరము లేక ఆ మన్నును ఆటస్థలముననే ఒక మూల కుప్పవేసి, గాలికి లేవకుండ పైన పట్టలు కప్పి ఉంచిరి. పిల్లలు ఒకవైపు ఆడుకొనుచుండగా కుప్ప రెండవవైపు పడియుండెను. అడ్డుపడినవారిని తప్పుపట్టుటకు మాకు నోరురాదు. వారికిని పిల్లలు కలరు.

ఎకరములకొలది నేలపై 5 సెంటీమీటర్ల మన్ను తీయుట మాటలలో తేలిక. ఒక హెక్టారుకే 500 ఘనమీటర్లగును. పొలములు, పెరళ్ళు, బడులు, గుడులు, బాటల అంచులు అన్నియు గీకిరి. నల్లని పెద్దసంచులు వరుసలు వరుసలుగా పొలములలో పేర్చిరి. 2015 మార్చినుండి వానిని లారీలమీద, ఓకుమా, ఫుతాబా పట్టణములలో 1,600 హెక్టార్ల విస్తీర్ణముగల తాత్కాలిక నిలువస్థలమునకు తరలించిరి. అచ్చట చేరినది ఇంచుమించు 1 కోటి 40 లక్షల ఘనమీటర్లు. అడవులను మాత్రము గీకలేకపోయిరి. కొండలన్నియు గీకుట ఎవరి తరము? ఆ యడవులనుండి వేసవిలో గాలిలోనికి సీజియము తిరిగి వచ్చుచున్నట్లు నమీయే పట్టణప్రాంతమున పరిశోధకులు కనిపెట్టిరి. వేసవిలో నేల తడిగా నుండును, ధూళి లేవదు; ఐనను గాలిలో సీజియము ఎక్కువగా నుండుట వారిని ఆశ్చర్యపరచినది. సూక్ష్మదర్శినితో చూడగా అవి బూజుజాతుల బీజములు. శిలీంధ్రములు నేలనుండి సీజియమును పీల్చుకొని, వాన పడినప్పుడు తమ బీజములతోపాటు గాలికి వదలుచున్నవి. మోతాదు స్వల్పమే, కాని పొడినేల, పెనుగాలి లేకున్నను నేల గాలిలోనికి రాగలదని తెలిసినది. మేము తరగతిలో చెప్పినదానిని ఇంతమేరకు దిద్దుకొనవలసివచ్చినది.

ఆనాడు ప్రశ్న యడిగిన తల్లికి ఇప్పుడు ఇట్లు విన్నవించుచున్నాము. అమ్మా, పొయ్యి ఆరినది నిజమే. ఆ ఊళ్ళకు జనులను పోనీయకుండుటకు గాలిలోని ధూళి ఒక్కటే కారణము కాదు; నేలలోని సీజియమును, అచ్చట పండు తిండియు అంతకంటె పెద్ద కారణములు; రియాక్టరు చుట్టుపట్ల ప్లుటోనియము వేరొక కారణము. బూడిద కదలక పచ్చికక్రింద పడియున్నంతకాలము గాలి చాలవరకు శుభ్రమే. మనుష్యుడు కాపురముండుట యనగా దున్నుట, త్రవ్వుట, ఊడ్చుట, పొయ్యి వెలిగించుట. అనగా నేలను కదపుట. ఓకుమాలో పెట్టిన మన్నును 2045 మార్చిలోపల ఫుకుషిమా రాష్ట్రమునకు వెలుపల శాశ్వతముగా ఉంచవలెనని జపాను శాసనము చేసినది. స్థలమిచ్చువారు దొరకుట కష్టమైనది. తక్కువ ధార్మికతగల మన్నును కట్టడములలో వాడవచ్చునని నమ్మించుటకై, 2025 జూలైలో దానిలో కొంత తెచ్చి టోక్యోలో ప్రధానమంత్రి కార్యాలయపు తోటలో పోసిరి. దానిపై మంచి మన్ను దళసరిగా కప్పిరి.